వెనక నిలబడి ‘ఆ’ అనే పని

నాకు చదువు లేదు. సంతకం పెడతాను, బస్సు మీద ఊరి పేరు కూడబలుక్కుని చదువుతాను, అంతే. ఇది నేను నోటితో చెబుతుంటే రాసినది. చెబుతూ చెబుతూ ఏడుస్తానేమోనని, రాసుకునేవాళ్లు మధ్యలో ఆపి మంచినీళ్లు తాగమన్నారు. అక్కర్లేదన్నాను. వచ్చే ఏడుపైతే ఈపాటికి వచ్చి పోయేది.

చిలకలూరిపేట దాటాక రోడ్డు పక్కన ఒక పత్తి మిల్లు ఉంది. పత్తిలో గింజ వేరు, దూది వేరు చేసే జిన్నింగు మిల్లు. అందులో గేటు దగ్గర ఊడవడం నా పని. పత్తి వచ్చే రోజుల్లో అక్కడి నేల తెల్లగా ఉంటుంది. ఎండాకాలంలో మిల్లు ట్రాక్టర్లే మిరప టిక్కీలను, అదే మిరపకాయల బస్తాలను, కోల్డ్ స్టోరేజీకి తోలతాయి. అప్పుడు నేల ఎర్రగా ఉంటుంది, చీపురు ఆడించినప్పుడల్లా తుమ్ములు. తెల్లదైనా ఎర్రదైనా ఊడ్చి గోతంలో ఎత్తడమే.

దీనితోపాటు నాకు ఇంకో పని ఉంది. రిపేరుకి వెళ్లొచ్చిన ట్రక్కు వెనక నిలబడి ‘ఆ’ అనడం.

ట్రక్కంటే ట్రాక్టరు వెనక తగిలించేది. దానికి సొంతంగా కరెంటు ఉండదు. ట్రాక్టరు నుంచి ఒక పొడుగాటి వైరు వచ్చి ప్లగ్గులో పడితేనే వెనక ఎర్ర లైట్లు వెలుగుతాయి. ఆ వైరు గతుకుల్లో సాగుతుంది, నేలకి రాసుకుంటుంది, షెడ్డులో ఎలుకలు కొరుకుతాయి. ప్లగ్గులో దుమ్ము కూరుకుంటుంది. అందుకని సీజను మొదలయ్యే ముందు ట్రక్కులన్నిటినీ లైట్ల బాగుకి బయటి షాపువాళ్లకి ఇస్తారు. వాళ్లు చేసుకొచ్చాక మిల్లు తరఫున ఒకరు చూడాలి. డ్రైవరు ట్రాక్టరెక్కి ఒక్కొక్కటే నొక్కుతాడు. ‘ఎడమది?’ అని అరుస్తాడు. వెలిగితే నేను ‘ఆ’ అంటాను. ‘కుడిది?’ ‘ఆ.’ ‘బ్రేకు?’ ‘ఆ.’ వెలగకపోతే ‘ఊహూ’. అన్నిటికీ ‘ఆ’ అన్నాక సూపర్‌వైజరు కాగితం మీద సంతకం పెడతాడు, ట్రక్కు గేటు దాటుతుంది.

ఈ చూసే పద్ధతి మా ఆయన పోయాక వచ్చింది.

మా ఆయన ఈ మిల్లులోనే ట్రాక్టరు తోలేవాడు. మిరపకాయల కాలం. దర్శి వైపు నుంచి వస్తూ, పొద్దు గుంకే వేళ, వెనక లైటు ఆరిపోయిందని రోడ్డు పక్కన ఆపి దిగాడు. ఆ లైటుకి అది అలవాటే. అరచేత్తో ఒకటి కొడితే వెలిగేది. కొడుతున్నట్టున్నాడు. వెనక నుంచి లారీ వచ్చింది.

ఆ లైటుని అంతకు కొద్ది రోజుల ముందే ఒక షాపతను బాగుచేసి ఇచ్చాడు. పోలీసు స్టేషనులో అతన్ని అడిగితే, ‘వెలిగిందండి, నా కళ్లతో చూశాను’ అన్నాడు. లారీ డ్రైవరుని అడిగితే, ‘వెలుగుతుందో లేదో నాకు తెలీదండి, కనపళ్లా’ అన్నాడు. నేను అక్కడ బెంచీ మీద కూర్చుని ఉన్నాను. ఇద్దరూ అబద్ధం చెబుతున్నట్టు అనిపించలేదు. పైన ఫ్యాను తిరుగుతోంది, దాని రెక్కకి బూజు పట్టి ఉంది. ఆ రోజుది నాకు బాగా గుర్తున్నది ఆ బూజే.

తరవాత మిల్లు షావుకారు నాకు గేటు దగ్గర పని ఇచ్చాడు. ఎవరు బాగుచేసినా ఇకమీదట మన మనిషి వెనక నిలబడి చూడాల్సిందేనన్నాడు. సూపర్‌వైజరు చుట్టూ చూసి, ‘ఏమ్మా, నువ్వెటూ గేటు దగ్గరే ఉంటావుగా, నువ్వు చూసి చెప్పు’ అన్నాడు. ఆలోచించి అన్నాడో, ఆలోచించకుండా అన్నాడో నాకు తెలియదు. నేను సరేనన్నాను. నా మొగుడు చివరిసారి నిలబడిన చోటే నిలబడే పని అది. ఆ మాట నాకు తట్టడానికే చాన్నాళ్లు పట్టింది. తట్టాక కూడా ఏమీ కాలేదు. మర్నాడు వెళ్లి నిలబడ్డాను.

ఆయన తోలిన ట్రాక్టరుని ఇప్పుడు మా మరిది తోలుతున్నాడు. ట్రక్కూ అదే. మేమంతా ఒకే ఇంట్లో ఉంటాం. ముందు వాకిలి వైపు గది వాళ్లది, దొడ్డి వైపు గది నాది, మధ్యలో పొయ్యి. మా తోటికోడలు వయసులో చిన్నది. నేను చెప్పబోయే ఏడు దసరాకి నెలలు నిండుతున్నాయి దానికి. తొలి చూలు.

ఆ ఏడు దసరా ముందు ట్రక్కులన్నీ లైట్ల బాగుకి వెళ్లాయి. కొత్త షాపు. దాని మేస్త్రి ఒక సాయిబు, గడ్డం నెరిసినాయన, మనిషి మంచివాడు. వైర్లన్నీ కొత్తవి లాగాడు, ఎలుకలు కొరక్కుండా పైపులో తోయించాడు. మా మరిది ట్రక్కు మాత్రం రెండుసార్లు తిరిగి వెళ్లింది. బ్రేకు తొక్కితే ఎడమ ఇండికేటరు మిణుకుమిణుకుమనేది. రెండుసార్లూ నేను ‘ఊహూ’ అన్నాను.

‘చెల్లెమ్మా, నీ నోట్లో ఆ అనే అక్షరం ఉందా లేదా?’ అన్నాడు మేస్త్రి.

‘ఉంది. లైటు వెలిగితే బయటికొస్తుంది.’

‘మా ఇంట్లో ఆవిడ నయం. ఒకసారి ఊహూ అని ఊరుకుంటుంది.’

మూడోసారి తెచ్చినప్పుడు అన్నీ శుభ్రంగా వెలిగాయి. గేటు అవతలకి వెళ్లి చూసినా కనపడ్డాయి. ‘ఆ’ అన్నాను. ఆయన రెండు చేతులూ ఎత్తి నాకు దణ్ణం పెట్టాడు, అందరూ నవ్వారు.

తరవాత పండగ వచ్చింది. ఆ రోజు మిల్లులో మిషన్లకీ ట్రాక్టర్లకీ ట్రక్కులకీ పూజ. డ్రైవర్ల ఇళ్ల నుంచి ఆడవాళ్లు వస్తారు. బండ్లు కడుగుతారు, బంతిపూల దండలు వేస్తారు, చక్రాల కింద నిమ్మకాయలు పెట్టి తొక్కిస్తారు, గుమ్మడికాయ కొడతారు. నేను దూది షెడ్డులోకి వెళ్లి కూర్చున్నాను. వెళ్లమని నాకెవరూ చెప్పలేదు. చెప్పించుకునేదాకా ఉండకూడదని మొగుడు పోయిన ఆడదానికి తెలుసు.

షెడ్డు తలుపు సందులోంచి మా తోటికోడలు కనపడుతూనే ఉంది. పట్టుచీర కట్టింది. ఆ కడుపుతో వంగలేదు కాబట్టి ట్రక్కు ఇనుప రేకుని ఒక చేత్తో పట్టుకుని, రెండో చేత్తో వెనక లైట్లకి పసుపు పూసింది. గడపకి పూసినట్టు పూసింది. ఎర్ర అద్దం ఒక్క మూల కూడా వదల్లేదు. తడి ఆరకముందే దాని మీద కుంకుమ, గుప్పెడు. ఎందుకంత అంటే, మొగుడు రోజూ ఎక్కే బండి. ఆ ట్రక్కు వెనక ఏం జరిగిందో దానికీ తెలుసు. దాని భయమంతా ఆ పసుపులో కలిపి పూసింది. మిగిలిన ఆడవాళ్లూ వాళ్ల వాళ్ల ట్రక్కులకి అలాగే పూశారు. మా వైపు బండికి బొట్టు పెట్టాలంటే చెయ్యి ముందు లైటు మీదకే పోతుంది.

పండగ అయ్యాక ముసురు పట్టింది. పత్తి తీతలు ఆగాయి. ట్రక్కులు షెడ్డులోనే ఉండిపోయాయి. ముసురు తెరిపిచ్చిన మొదటి రోజు పొదిలి వైపు నుంచి లోడు తేవాలని మా మరిదికి చెప్పారు. మధ్యాహ్నం బయల్దేరితే తిరిగి వచ్చేటప్పటికి చీకటి పడుతుంది. ఎలుకలు మళ్లీ ఏమైనా చేశాయేమో ఒకసారి చూసి పంపమని షావుకారు ఫోను చేశాడట. షాపు మేస్త్రిని కూడా పిలిపించారు. ఆ రోజు అంతా సరిగా ఉంటే ఆయన పని అయిపోయినట్టు కాగితం ఇచ్చేస్తారు.

మా మరిది ట్రాక్టరెక్కాడు. నేను వెనక నిలబడ్డాను. ఆకాశం ఇంకా మబ్బుగానే ఉంది.

‘ఎడమది?’

నేను ముందుకి వంగి చూశాను.

‘వదినా, ఎడమది?’

పసుపు ఎండి బెరడు కట్టింది. లోపల బల్బు వెలుగుతోంది. పైకి మాత్రం ఏదో మసక. దగ్గరికెళ్లి చేతులు అడ్డం పెట్టుకుని చూస్తే వెలుగు తెలుస్తోంది. నాలుగడుగులు వెనక్కి వస్తే పసుపు ముద్ద తప్ప ఇంకేమీ లేదు. పక్కన అంటించిన రేడియం స్టిక్కరు మీద కూడా పసుపే.

‘ఊహూ’ అన్నాను.

మేస్త్రి గబగబా వచ్చి అద్దానికి కన్ను ఆనించి చూశాడు. ‘వెలుగుతుందిగా చెల్లెమ్మా! ఇదిగో, వేడి కూడా తగుల్తుంది, చెయ్యి పెట్టి చూడు.’

‘వెలుగుతుంది మేస్త్రీ. కనపడటంలా.’

‘కనపడకపోవటం నా పనిలోకి రాదు తల్లీ. పసుపు నేను పూశానా?’

‘నువ్వు పూశావని నేనన్నానా?’

సూపర్‌వైజరు గొడుగు చంకలో పెట్టుకుని వచ్చాడు. సంగతి విన్నాడు. ‘ఓస్ ఇంతేనా, ఎవరో ఒకరు తుడవండయ్యా’ అన్నాడు.

ఎవరూ కదల్లేదు.

మా మరిది ట్రాక్టరు దిగి వచ్చాడు. ‘నేను తుడవనండి. మా ఇంట్లో అది కడుపుతో ఉంది. దాని చేత్తో పెట్టిన బొట్టు. దానంతటది రాలిపోవాలి గానీ తుడవకూడదు. పొద్దున్నే వచ్చేటప్పుడు కూడా చెప్పి పంపింది.’

‘మేస్త్రీ, నువ్వు తుడువు.’

మేస్త్రి చేతులు వెనక్కి పెట్టుకున్నాడు. ‘నన్ను ఇరికించమాకండి సార్. పూజ చేసినదాని మీద నేను చెయ్యేస్తే, రేపు ఏదన్నా జరిగితే ఊరంతా నా పేరే చెబుతారు. వైరు పీకమనండి, పీకుతా. పసుపు మాత్రం నా వల్ల కాదు.’

‘పోనీ మీరే తుడవండి సార్’ అన్నాడు మా మరిది.

సూపర్‌వైజరు గొడుగు ఈ చంకలోంచి ఆ చంకలోకి మార్చుకున్నాడు. ‘నేను చర్చికి పోయేవాణ్ణి రా అబ్బాయ్. నేను తుడిస్తే దానికి ఇంకో అర్థం తీస్తారు. మీ పండగల జోలికి నేను రానని ఉద్యోగంలో చేరిన రోజే అనుకున్నా.’

ఇంతమందిలో తుడిచే చెయ్యి లేదు. నన్ను ఎవరూ అడగలేదు. అడక్కపోవడమే మర్యాద. పూజకి వచ్చిన ముత్తయిదువ పెట్టిన బొట్టుని మొగుడు పోయినది తుడవడం అనే మాట నోటితో ఎవరు అంటారు?

మా మరిది నా దగ్గరికి వచ్చి గొంతు తగ్గించాడు. ‘వదినా, వెలుగుతుందిగా. ఆ అను. అంతేగా. దారిలో చినుకు పడితే అదే కరిగిపోద్ది.’

‘చినుకు పడకపోతే?’

‘నాకేం కాదులే.’

ఆ మాట వాళ్ల అన్న కూడా అనేవాడు. గొంతు కూడా ఇద్దరిదీ ఒకటే. నేను వాడి మొహం వైపు చూడలేదు. పోలీసు స్టేషనులో ఫ్యాను రెక్క, దాని మీద బూజు, అదే కళ్ల ముందుకి వచ్చింది. వెలిగిందండి అన్నవాడూ నిజమే చెప్పాడు. కనపళ్లా అన్నవాడూ నిజమే చెప్పాడు. ఇప్పుడు నేను ‘ఆ’ అంటే అదీ నిజమే అవుతుంది.

బోరింగు దగ్గరికి వెళ్లాను. ఊడ్చాక చేతులు తుడుచుకునే గోనె ముక్క ఉంటే దాన్ని తడిపాను. వెనక్కి వస్తుంటే మా మరిదికి అర్థమైంది.

‘వదినా, వద్దు. నువ్వసలు తుడవమాక.’

నేను ఆగలేదు.

‘ఎవరన్నా తుడవనీ, నువ్వు వద్దు. అది వింటే చచ్చిపోద్ది వదినా.’

‘వినకుండా ఎట్టా ఉంటుంది? నువ్వే చెబుతావుగా’ అన్నాను.

ఎడమ లైటు మీద గోనె వేసి రుద్దాను. ఒక పట్టాన రాలేదు. నూనె కలిపి పూసినట్టుంది. గోటితో గీకి మళ్లీ రుద్దాను. పసుపు ముందు, తరవాత కుంకుమ, నీళ్లతో కలిసి నా మోచేతి దాకా కారింది. నా చేతికి కుంకుమ అంటి చాన్నాళ్లయింది. పెద్దకర్మ నాడు నా బొట్టు తుడిచింది ఎవరో నాకు గుర్తులేదు. తడి గుడ్డ చల్లదనం గుర్తుంది. ఆ రోజు నుదురు ఇక్కడ ఉంది, నేను ఎక్కడో ఉన్నాను. ఇప్పుడు లైటు తుడుస్తుంటే అలాగే ఉంది. చెయ్యి తుడుస్తోంది. బాధ లేదు, భయం లేదు. పాపం తగులుతుందేమోనని కూడా అనిపించలేదు. మూల నుంచి పసుపు రావడం లేదే అని మాత్రం అనిపించింది.

మా మరిది అటు తిరిగి నిలబడ్డాడు. సూపర్‌వైజరు గొడుగు విప్పి మళ్లీ మూశాడు. మేస్త్రి ఒక్కడే నా పక్కకి వచ్చి, చెయ్యి ఆనించకుండా వేలు చూపించి, ‘అదుగో, ఆ అంచున ఇంకా ఉంది చెల్లెమ్మా’ అన్నాడు.

కుడిది కూడా తుడిచాను. స్టిక్కర్లు తుడిచాను. గేటు దాకా వెనక్కి నడిచి నిలబడ్డాను.

‘నొక్కు’ అన్నాను.

మా మరిది ఎక్కి నొక్కాడు. ఈసారి అడగలేదు. ఎర్రగా వెలిగాయి. ఎడమది ఆ, కుడిది ఆ, బ్రేకు ఆ. నేనే చెప్పుకుంటూ పోయాను. ట్రక్కు నా పక్క నుంచి గేటు దాటింది. వాడు నా వైపు చూడలేదు. మిగిలిన ట్రక్కులు కూడా తుడవమని సూపర్‌వైజరు నాతో మెల్లగా అన్నాడు. ఎటూ మొదలుపెట్టాను కదా. అన్నీ తుడిచాను. మేస్త్రికి కాగితం ఇచ్చేశారు.

నేను ఇల్లు చేరేటప్పటికే మా తోటికోడలికి తెలిసిపోయింది. వాకిట్లో మంచం మీద కూర్చుని ఉంది. పొయ్యి వెలిగించలేదు.

‘అక్కా, నేను పెట్టిన బొట్టు నువ్వు తుడిచావంట.’

‘ఆ.’

‘ఇంకెవరూ దొరకలేదా?’

‘దొరకలా.’

‘లైటు వెలుగుతుందని ఆ షాపాయనే చెప్పాడంటగా. ఆయనకంటే నీకు ఎక్కువ తెలుసా?’

‘నాకేం తెలుసే. కనపళ్లేదు. తుడిచాను.’

‘ఆయనకేమన్నా అయితే?’

 ఏమీ కాదులే అనాలి. ఆ మాట నేను అనను. నోట్లోకి రాదు. కాళ్లు కడుక్కుని పొయ్యి వెలిగించి ఎసరు పెట్టాను. అది కళ్లు తుడుచుకుంటూనే ఉంది. కడుపు మీద ఒక చెయ్యి, కంటి మీద ఒక చెయ్యి. ‘ఎండిపోయిన గుండె నీది’ అని కూడా అంది. అననీలే అని ఊరుకున్నాను. ఆ గుండె పచ్చిగా ఉందో ఎండిందో నేనే చూసి చాలా రోజులైంది.

అన్నం ఉడికింది. చీకటి పడింది. అది తినలేదు, దాన్ని వదిలి నేనూ తినలేదు. మా ఇల్లు రోడ్డు మీదే. మిల్లుకి వెళ్లే లోడు ఏదైనా మా వాకిలి ముందు నుంచే పోవాలి. లారీ చప్పుడైనప్పుడల్లా అది లేచి నిలబడి మళ్లీ కూర్చునేది. నేను పళ్లెం మీద మూత సరిచేసేదాన్ని, అది సరిగానే ఉన్నా.

ఆ ట్రాక్టరు చప్పుడు మా ఇద్దరికీ తెలుసు. నాకు ఎక్కువ రోజుల నుంచి తెలుసు. దూరాన్నుంచి వినపడగానే అది వాకిలి అంచుకి వెళ్లింది. తల ఎత్తి చూసేంత పత్తి, మీద వల కట్టి. మా మరిది హారను కొట్టి ఆపకుండా మిల్లు వైపు వెళ్లిపోయాడు. దాటాక వెనక లైట్లు కనపడ్డాయి. రెండు ఎర్రవి. దూరం వెళ్లాయి, ఇంకా దూరం వెళ్లాయి, పత్తి మొత్తం చీకట్లో కలిసిపోయాక కూడా అవి రెండూ వెళుతూనే ఉన్నాయి. ట్రక్కు వెనకే వచ్చిన లారీ ఒకటి వేగం తగ్గించి, పక్కకి తీసుకుని, దాటుకుని పోయింది. రోజూ ఎన్నో లారీలు అలాగే దాటిపోతాయి. మా తోటికోడలు మాత్రం ఆ లారీని చూసి నా చెయ్యి పట్టుకుంది. మలుపులో లైట్లు కనుమరుగయ్యేదాకా వదల్లేదు.

తరవాత లోపలికి వచ్చింది. పళ్లెం తీసుకుంది. నాతో మాట్లాడలేదు. కొన్నాళ్లు అలాగే మాట్లాడలేదు. పురిటికి వాళ్ల అమ్మగారింటికి కనిగిరి వెళ్లేటప్పుడు కూడా, ‘పొయ్యి చూసుకో’ అని గోడతో చెప్పినట్టు చెప్పింది. ఆడపిల్ల పుట్టింది. బాగుంది.

మళ్లీ దసరా వచ్చింది. పూజ మొదలవబోతుంటే నేను ఎప్పటిలాగే దూది షెడ్డులోకి వెళ్లి కూర్చున్నాను. తలుపు సందులోంచి చూస్తే మా తోటికోడలు పిల్లని చంకనేసుకుని ట్రక్కు వెనక నిలబడి ఉంది. గిన్నెలో పసుపు. చెయ్యి లైటు దాకా వెళ్లింది. ఆగింది. లైటు పైనున్న ఇనుప రేకు మీద ఒక్క బొట్టు పెట్టింది. రెండో వైపూ అంతే. ఒలికిన చుక్కేదో అద్దం మీద పడినట్టుంది, కొంగుతో తుడిచింది. తన చేత్తో తనే తుడిచింది.

అప్పుడు షెడ్డు వైపు తిరిగి పిలిచింది. గుమ్మడికాయ ఇంకా కొట్టలేదు. ఆడవాళ్లందరూ అక్కడే ఉన్నారు.

‘అక్కా! ఒకసారి ఇటు రా.’

నేను కదల్లేదు.

‘నిన్నే అక్కా. వచ్చి వెనక నిలబడు. ఆయన నొక్కుతాడు, కనపడుతుందో లేదో చెప్పు.’

ఎవరో ఒకావిడ దాని చెవిలో ఏదో అనబోయింది. ‘ఉండు పిన్నీ, లైటు చూడాలి’ అంది ఇది.

వెళ్లాను. గేటు దాకా వెనక్కి నడిచి నిలబడ్డాను. మా మరిది ఎక్కాడు.

‘ఎడమది, వదినా?’

వెలిగింది. అక్కడికి కనపడింది. సంతోషం రావాలి కాబోలు. దాని కోసం కాసేపు చూశాను, రాలేదు.

‘ఆ’ అన్నాను.

కుడిది, బ్రేకు. ‘ఆ’, ‘ఆ’. గుమ్మడికాయ కొట్టారు. జనం వెళ్లాక చీపురు తెచ్చుకుని ముక్కలు ఊడ్చాను.